జింజర్ మాట మూలం శృంగవేరమా, ఇంజి వేరా? ఒక్కో మెట్టునూ ఎలా సరిచూసుకోవాలి?

ప్రశ్న – మాటలమూట

ఇంగ్లీషు జింజర్ ఎక్కడి మాట అని వెతికితే మూడు రకాల జవాబులు కనిపిస్తున్నాయి. ఒకచోట లాటిన్ జింగిబెర్ దగ్గరే ఆపేశారు. ఇంకోచోట సంస్కృతం శృంగవేరం, అంటే కొమ్ములాంటి ఒళ్లున్నది అని చెప్పి ముగించారు. మూడోచోట తమిళ మలయాళాల్లోని ఇంజికి వేర్ చేరి ఏర్పడిందనీ, సంస్కృతమే దాన్ని ద్రావిడం నుంచి తీసుకుందనీ రాశారు.

నాకు కావలసింది వాదం కాదు, సరిచూసుకునే పద్ధతి. మొదట్లో స ఉన్న మాట గ్రీకులో జ ఎందుకయింది? శృంగవేరం, ఇంజి వేర్ రెండూ వినడానికి బాగానే ఉన్నాయి, తేల్చేది ఏది? మన అల్లానికీ ఈ మాటకీ ఏమైనా చుట్టరికం ఉందా? ఇదే పద్ధతిలో రేపు ఇంకో మాట పట్టుకుంటే ఏ నిఘంటువు తర్వాత ఏది తెరవాలి?

జవాబు – ధ్వనిదారి

ఇవతలి ఒడ్డు నుంచి మొదలుపెట్టి వెనక్కి నడవాలండీ. ఇంజి నుంచి జింజర్‌కి ఒక్క గెంతు గెంతితే ఏదైనా నిజమే అనిపిస్తుంది. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, ఆ రూపం ఏ కాలపు రాతలో ఉందో, ఆ రెండు భాషలవాళ్లకీ అప్పట్లో రాకపోకలున్నాయో లేదో, ఆ ధ్వని మార్పు ఆ భాషలోని ఇతర మాటల్లో కూడా జరిగిందో లేదో చూడాలి. చివరిదే గట్టి పరీక్ష. ఒక్క మాటలోనే జరిగిందని చెప్పే మార్పును నమ్మకండి.

ఇంగ్లీషుతో మొదలుపెడదాం. 1066లో నార్మన్లు రాకముందే పాత ఇంగ్లీషు వైద్య గ్రంథాల్లో గింగిఫెర్ అనే రూపం ఉంది. అది నేరుగా లాటిన్ నుంచి వచ్చింది. తర్వాత మధ్య ఇంగ్లీషులో జింజివెరె అయింది. దీనికి పాత ఫ్రెంచి జింజివ్రె, జింజిబ్రె రూపాల దన్ను తోడైంది. ఒకే మాట రెండుసార్లు ఊళ్లోకి వచ్చిందన్నమాట, ఒకసారి చర్చి లాటిన్ ద్వారా, ఇంకోసారి నార్మన్ల ఫ్రెంచి ద్వారా. నిఘంటువులో "పాత ఇంగ్లీషు నుంచి" అనీ "పాత ఫ్రెంచి నుంచి" అనీ రెండూ కనిపిస్తే తికమక పడకండి, రెండూ నిజమే.

జింజివెరెలోని వ ఏమైంది? ఇంగ్లీషులో రెండు అచ్చుల మధ్య వ రాలిపోవడం చాలా మాటల్లో జరిగింది. తలకు పాత ఇంగ్లీషు మాటను హెఆఫోద్ అని రాసేవారు, ఆ ఫ ని వ లా పలికేవారు. మధ్య ఇంగ్లీషులో అది హెవెద్, ఇప్పుడు హెడ్. లార్డ్ అనే మాట ఒకప్పుడు హ్లాఫోర్ద్, తర్వాత లొవెర్ద్. జింజివెరె జింజెరె కావడం అదే వరస. ఈ మెట్టు గట్టిది.

ఫ్రెంచిలో బ వ కావడం ఇంకా మామూలు సంగతి. లాటిన్ హబేరె ఫ్రెంచిలో అవ్వార్ అయింది, చిక్కుడు జాతి గింజకు పేరైన ఫాబా ఫెవ్ అయింది. నేటి ఫ్రెంచి జాంజాంబ్ర్‌లో రెండో అనునాసికం ఎక్కడిదని మీకు అనుమానం రావచ్చు. అది ఫ్రెంచిలోనే పుట్టింది, లాటిన్‌లో లేదు. కాబట్టి దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్లకండి.

ఇక ప్రాచీన లాటిన్‌లో మాట జింగిబెరి, మొదటి అక్షరం జెడ్. మధ్యయుగపు లాటిన్‌లో అదే మాటను జి అక్షరంతో రాశారు. తెలుగువాళ్లకు ఈ మార్పు తేలిగ్గా అర్థమవుతుంది. జోలెలో జ వేరు, జీతంలో జ వేరు. మొదటిది దంత్యం, రెండోది తాలవ్యం. జెడ్ ధ్వని మలి లాటిన్‌లో మన జోలె జ లా ఉండి, ఇ, ఎ ముందున్న జి అక్షరపు ఉచ్చారణతో కలిసిపోయింది. జెలోసుస్ ఇందుకు సాక్ష్యం. ఆ లాటిన్ మాట పాత ఫ్రెంచిలో జలోస్, ఇంగ్లీషులో జెలస్ అయింది. మొదట జెడ్, చివరికి జ. జింజర్ నడిచిన దారీ అదే.

శాస్త్రీయ నామంలో మాత్రం పాత జెడ్ అలాగే నిలబడింది. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో ఆమోముమ్ జింగిబెర్ అన్నాడు, 1807లో విలియం రాస్కో జింగిబెర్ అఫిసినాలె అని పెట్టిన పేరు నేటికీ చెల్లుతోంది.

లాటిన్ దాకా దారి చదును. గ్రీకు తర్వాతే చిక్కు. దాన్ని పాళీ, ద్రావిడం తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది.

జవాబు – పాళీపుట

గ్రీకు రూపం జింగిబెరిస్. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో వైద్యుడు డయోస్కోరిడీస్ దీన్ని వాడాడు. అదే శతాబ్దంలో, 77లో వెలువడిన తన ప్రకృతి చరిత్రలో రోమన్ రచయిత ప్లినీ లాటిన్ రూపం రాశాడు. అల్లం మిరియపు చెట్టు వేరని కొందరు అనుకుంటున్నారనీ, అది నిజం కాదనీ, ఇది తెల్లటి వేరున్న చిన్న మొక్క అనీ, త్వరగా పాడవుతుందనీ చెప్పాడు. ధర కూడా రాశాడు, పౌనుకు 6 దెనారీలు, అంటే రోమన్ వెండి నాణేలు. నల్ల మిరియాలు 4 దెనారీలే. ఆ రోమన్ పౌను మన లెక్కలో దాదాపు 327 గ్రాములు.

ఇద్దరూ అల్లం అరేబియాలో, ఎర్రసముద్రం పక్కనున్న త్రోగ్లోదుతుల దేశంలో పండుతుందనే రాశారు. సరుకు మలబారు నుంచి వస్తున్నా, చేతికి అందించేది ఎర్రసముద్రపు రేవుల బేరగాళ్లు. రోమువాళ్లకు వాళ్ల ఊరే అల్లం ఊరయింది. మాట విషయంలోనూ ఇదే జరిగింది. మాట పండిన చోటు నుంచి కాక చేతులు మార్చినవాళ్ల నోటి నుంచి గ్రీకులోకి వచ్చిందని గుర్తుంచుకుంటే, మొదటి ధ్వని ఎందుకు మారిందో తెలుస్తుంది. సిరియాక్‌లో జంగెబీల్, అరబ్బీలో జంజబీల్. ఖురాన్ 76వ సూరా 17వ వాక్యంలో వచ్చేది ఈ జంజబీలే. పడమటి ఆసియా రూపాలన్నిటా మొదట జెడ్ ఉంది, గ్రీకులోనూ అదే ఉంది. భారతీయ భాషల్లో స, శ. కాబట్టి స జెడ్‌గా మారింది దారిలోనే.

వ స్థానంలో బ ఎందుకు? గ్రీకు లిపిలో వ కు అప్పటికి ప్రత్యేకమైన అక్షరం లేదు, బీటాతో రాశారు. పెద్ద సంగతి కాదు.

తేల్చే ఆధారం మధ్యలో ఉన్న ఇ-కారం. గ్రీకులో జింగి-బెరిస్. సంస్కృతంలో శృంగ-వేర. పాళీలో సింగి-వేర. సంస్కృతం నుంచి నేరుగా వెళ్లి ఉంటే గ్రీకులో జింగ-బెరిస్ లాంటిది కనిపించాలి. ఇ ఉన్నది పాళీలో. అంటే పడమటికి వెళ్లింది జనం నోట నలిగిన ప్రాకృత రూపం, పండితుల సంస్కృత రూపం కాదు.

దీన్ని ఇంకొంచెం లోతుగా చూడండి. పాళీ సింగివేర అంటే సంస్కృతం శృంగవేరకు ప్రాకృత ఉచ్చారణే కదా అని ఎవరైనా అనవచ్చు. శృంగ అంటే కొమ్ము, దానికి పాళీలో సింగ అనే మాట ఉంది. అంటే శృంగవేర పాళీలోకి దిగితే సింగవేర కావాలి. కాలేదు, సింగివేర అయింది. ఆ ఇ-కారం శృంగ నుంచి రాదు. అటునుంచి ఇటు చూస్తే మాత్రం అంతా సరిపోతుంది. జనం సింగివేర అంటున్నారు, ఆ మాటకు ఆర్యభాషలో అర్థం లేదు, సంస్కృతంలో రాయవలసి వచ్చినవాళ్లు సింగి అంటే శృంగమై ఉంటుందని సరిదిద్దారు. అల్లం కొమ్ము చూస్తే కొమ్ములాగే ఉంటుంది, మనమూ అల్లం కొమ్ము, పసుపు కొమ్ము అంటాం. వేర అంటే ఒళ్లు అని కోశాల్లో అర్థం చేరింది. దీన్ని లోకనిరుక్తి అంటారు. తెలియని మాటకు తెలిసిన మాట తొడగడం.

పాళీ మాట ఎక్కడ వస్తుందో కూడా చూడండి. బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో భిక్షువులు దగ్గర ఉంచుకోదగిన వేరు మందుల పట్టీ ఉంది. హలిద్ది, సింగివేర, వచ, అతివిస, కటుకరోహిణి, ఉసీర, భద్దముత్తక. మన మాటల్లో పసుపు, అల్లం, వస, అతివస, కటుకరోహిణి, వట్టివేరు, భద్రముస్తె. సింగివేరను లెక్కించింది వేళ్ల వరసలో.

జవాబు – తొలిద్రావిడం

వేళ్ల వరస అన్నారు కాబట్టి అక్కడి నుంచే అందుకుంటాను. మాట రెండో భాగం వేర్. తమిళం, మలయాళాల్లో వేర్, కన్నడంలో బేరు, తెలుగులో వేరు. కుటుంబంలో ఇన్ని భాషల్లో, ఒకే అర్థంతో, నిత్యవ్యవహారంలో ఉన్న మాట. సంస్కృతంలో వేర అనే మాటకు ఒళ్లు అనే అర్థం కోశాల్లో తప్ప వాడుకలో పెద్దగా ఉండదు. ఒక మాట ఎటు నుంచి ఎటు వెళ్లిందో తేల్చేటప్పుడు ఇది మంచి సూత్రం. ముక్కలు ఏ భాషలో సొంతంగా బతుకుతున్నాయో ఆ భాషే ఇల్లు.

మొదటి భాగం దగ్గర అందరూ తడబడతారు. తమిళం, మలయాళాల్లో ఇంజి, అచ్చుతో మొదలవుతుంది. పాళీలో సింగి. లేని స ఎక్కడి నుంచి వచ్చింది అని అడుగుతారు. ప్రశ్నను తిరగేయాలి. ఉన్న స ఎక్కడికి పోయింది?

ద్రావిడ భాషలన్నిటికీ తల్లి అనదగ్గ మూల ద్రావిడంలో మాట మొదట ఉన్న చ-కారం దక్షిణాది భాషల్లో చాలా మాటల్లో రాలిపోయింది. మనం ఆరు అంటాం, తమిళంలోనూ ఆఱు. మన కుటుంబానికే చెందిన గోండీలో సారుంగ్. మూలంలో ఉన్న ధ్వనిని గోండీ స గా నిలుపుకుంది, మనం పోగొట్టుకున్నాం. ఉప్పుకి కూడా గోండీలో స తో మొదలయ్యే రూపం ఉంది. భాషావేత్త థామస్ బరో ఈ మార్పును విడిగా పరిశీలించి చూపించాడు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ద్రావిడ భాషల మీద తమ కృషిలో దీన్ని ఇంకా వివరంగా చర్చించారు. ఇంజి అనేది చ రాలిపోయాక మిగిలిన రూపం. పాళీ సింగివేర, చ ఇంకా ఉన్న రోజుల్లోనో, అది నిలిచిన మాండలికం నుంచో ఆర్యభాషల్లోకి వెళ్లిన రూపం. అందుకే పునర్నిర్మాణంలో *చింకి-వేర్ అని చుక్కగుర్తు పెట్టి రాస్తారు. ఆ గుర్తు ఉంటే అది రాతలో దొరికిన రూపం కాదు, సరిపోల్చి కట్టిన రూపం అని అర్థం. చాలామంది ఆ గుర్తు వదిలేసి ఉటంకిస్తారు. అలా చేస్తే ఊహకూ సాక్ష్యానికీ తేడా చెరిగిపోతుంది.

గమనించండి, తమిళ మాట నేటి రూపం కన్నా పాళీ, గ్రీకు, చివరికి ఇంగ్లీషు రూపాలే పాత హల్లును మోస్తున్నాయి. జింజర్ మొదటి జ, ఇంజిలో రాలిపోయిన హల్లుకు వారసురాలు. అరువు తీసుకున్న భాష కొన్నిసార్లు ఇచ్చిన భాష కన్నా పాతదాన్ని దాచి ఉంచుతుంది. ద్రావిడ చరిత్ర రాసేవాళ్లకు ఈ ఒక్క మాట అందుకే అంత విలువైనది. అలన్ రాస్ 1952లో ఈ మాట మీదే ఒక చిన్న పుస్తకం రాశాడు.

మరో సంగతి. ఇంగ్లీషులో వెటివర్ అనే మాట ఉంది, అత్తరు వ్యాపారంలో రోజూ వాడతారు. తమిళ వెట్టివేర్ ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది, మన వట్టివేరే. జింజర్ చివరనున్న అర్, వెటివర్ చివరనున్న వర్ ఒకే వేరు. మొదటిది రెండు వేల ఏళ్ల కింద బయల్దేరి నలిగిపోయింది, రెండోది నిన్నగాక మొన్న వెళ్లింది కాబట్టి గుర్తుపట్టేలా ఉంది.

ప్రశ్న – మాటలమూట

ఇ-కారం సంగతి చాలా స్పష్టంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. రెండు చిన్న అనుమానాలు. రామాయణంలో గుహుడి ఊరిని మన పుస్తకాల్లో శృంగిబేరపురం అని రాస్తారు. అందులో ఇ ఉంది కదా. అప్పుడు సంస్కృతంలోనూ ఇ ఉన్నట్టే కాదా? రెండోది, జర్మన్‌లో అల్లం ఇంగ్వర్. అది ఇంజి వేర్‌కి దగ్గరగా ఉంది, స గాని జ గాని లేదు. తమిళం నుంచి నేరుగా జర్మన్‌కి ఇంకో దారి ఉందా?

జవాబు – పాళీపుట

ఊరి పేరు నిజంగానే రెండు రకాలుగా దొరుకుతుంది. దక్షిణాది ప్రతుల్లో శృంగిబేరపురం, మరికొన్ని చోట్ల శృంగవేరపురం. నేటి ఊరు ప్రయాగరాజ్‌కు ఎగువన గంగ ఒడ్డున ఉన్న సింగ్రౌర్, బి.బి. లాల్ ఆధ్వర్యంలో 1970, 80 దశకాల్లో తవ్వకాలు జరిగిన చోటు. రెండు రూపాలూ ఉండటం మన వాదాన్ని బలపరుస్తుంది. మాటలో ఇ ముందు నుంచీ ఉంది, దాన్ని శృంగతో కలిపినప్పుడు కొందరు అ గా దిద్దారు, కొందరు శృంగి అని సర్దుకున్నారు. శృంగ అనేదే అసలు మాట అయి ఉంటే ఈ ఊగిసలాట ఉండనక్కర్లేదు. అయితే ఊళ్ల పేర్లను వ్యుత్పత్తికి మొదటి సాక్ష్యంగా పెట్టుకోకూడదు. ప్రతులు రాసేవాళ్లు వాటిని ఇష్టమొచ్చినట్టు మారుస్తారు. తోడు సాక్ష్యంగా సరే.

జవాబు – ధ్వనిదారి

ఇంగ్వర్ పెద్ద ఉచ్చు. ఈ ఒక్క మాటను పట్టుకుని తమిళం జర్మన్‌కి తల్లి అనే దాకా వెళ్లినవాళ్లున్నారు. పాత హై జర్మన్‌లో చూడండి, గింగిబెరో. మొదట్లో హల్లు ఉంది. మధ్య హై జర్మన్‌కి వచ్చేసరికి ఇంగెవెర్, ఇంగెబెర్. మొదటి హల్లు జర్మన్‌లోనే రాలిపోయింది. తమిళంలో చ రాలడం వేరే కాలంలో, వేరే చోట, వేరే కారణంతో జరిగింది. రెండు రూపాలు చివరికి ఒకేలా తేలడం యాదృచ్ఛికం. రష్యన్ ఇంబిర్ కూడా జర్మన్ వైపు నుంచి వెళ్లిందే. పాత రూపం చూడకుండా నేటి రూపాలను పక్కపక్కన పెడితే ఇలాంటి తప్పే జరుగుతుంది. ఏ భాష మాటనైనా దాని పాత రూపంతోనే పోల్చాలి.

ఇదే కోవలో ఇంకొన్ని. ఇంగ్లీషులో జింజర్‌లీ, అంటే మెల్లగా, జాగ్రత్తగా, అల్లానికి ఏమీ కాదు. చిగురుకు, అంటే పళ్ల చిగుళ్లకు, లాటిన్‌లో జింజీవా అంటారు, దానికీ సంబంధం లేదు. మన అల్లానికీ లాటిన్‌లో వెల్లుల్లికి పేరైన అల్లియంకీ అంతే. అల్లం, వెల్లుల్లి కలిపి నూరుతాం కాబట్టి మాటలూ ఒకటే అనిపిస్తుంది, కానీ పోలిక ఒక్క అల్ దగ్గరే ఆగిపోతుంది.

జింజర్‌బ్రెడ్ మాత్రం పరిశీలించదగ్గది. పాత ఫ్రెంచిలో పాకంలో నిల్వ చేసిన అల్లానికి జింజెంబ్రాస్ అనే మాట ఉండేది. ఇంగ్లీషువాళ్లకు ఆ చివరి బ్రాస్ అర్థం కాలేదు, బ్రెడ్ అనుకున్నారు. మాట మారాక సరుకు కూడా మారి, ఆ పేరు అల్లం వేసి చేసే కేకుకి స్థిరపడింది. ఇటు చివర సింగి శృంగమైంది, అటు చివర బ్రాస్ బ్రెడ్ అయింది. ఒకే మాటకు రెండు కొసలా లోకనిరుక్తి పట్టడం అరుదు.

జవాబు – తొలిద్రావిడం

అల్లం సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. సంస్కృతంలో పచ్చి అల్లం ఆర్ద్రకం, అంటే తడిగా ఉన్నది. ఎండినది శుంఠి. హిందీ అద్రక్, బెంగాలీ ఆదా ఆర్ద్రకం సంతానం. మన శొంఠి శుంఠి నుంచి. ఆర్ద్ర అనే మాటకు ప్రాకృతంలో ఉన్న రూపాల్లో అల్ల ఒకటి. మరాఠీ ఆలె, కన్నడం అల్ల, తెలుగు అల్లం ఈ గుంపుతో కలుపుతారు. అంటే ఇంగ్లీషువాళ్లు వాడేది ద్రావిడ మూలం మాట, మనం రోజూ వాడేది ప్రాకృతంతో కలిసే మాట. మాట ఎవరిదని గొడవపడేవాళ్లు ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. తెలుగులో ఇంజి లేనంత మాత్రాన మనకు ఈ కథలో చోటు లేదనుకోనక్కర్లేదు, వేరు మనదే.

జవాబు – నిఘంటుప్రియ

ఏ నిఘంటువు తర్వాత ఏది తెరవాలి అని అడిగారు కాబట్టి ఆ పని చెబుతాను. ఆన్‌లైన్‌లో దొరికేవాటితోనే చాలా వరకు అయిపోతుంది.

మొదట ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు. అందులో అర్థం కన్నా ముందు పాత వర్ణక్రమాల పట్టీ చదవండి, ఏ శతాబ్దంలో ఎలా రాశారో ఉంటుంది. జింజర్‌కి వ ఉన్న రూపాలూ, వ పోయిన రూపాలూ అక్కడే కనిపిస్తాయి. దానికి చందా కావాలి. లేకపోతే మిషిగన్ విశ్వవిద్యాలయం పెట్టిన మధ్య ఇంగ్లీషు నిఘంటువు, బాస్‌వర్త్–టోలర్ పాత ఇంగ్లీషు నిఘంటువు ఉచితం. లాటిన్, గ్రీకులకు పెర్సియస్ సైటులో లూయిస్–షార్ట్, లిడెల్–స్కాట్ ఉన్నాయి. అక్కడ మాట కింద ఏ గ్రంథకర్త వాడాడో ఇస్తారు, ఆ పేరు పట్టుకుంటే కాలం తెలుస్తుంది.

ఇండియా వైపు మూడు ముఖ్యం. మోనియర్ విలియమ్స్ 1899 సంస్కృత నిఘంటువులో మాట పక్కన కేవలం కోశకారుల నుంచి తీసుకున్నట్టు గుర్తు ఉందో, అసలు గ్రంథాల పేర్లున్నాయో చూడండి. కోశకారుల గుర్తు మాత్రమే ఉంటే ఆ అర్థం వాడుకలో ఉన్నట్టు రుజువు కాదు. వేర అంటే ఒళ్లు అనేదాన్ని ఇలా పరీక్షించాలి. రెండోది టర్నర్ 1960లలో తెచ్చిన ఆర్యభాషల తులనాత్మక నిఘంటువు. మూడోది బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు. మొదటి కూర్పు 1961, రెండోది 1984. రెండోదే వాడండి, మొదటి దాని సంఖ్యలు వేరు. ఈ రెండూ షికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా నిఘంటువుల సైటులో ఉన్నాయి. బ్రౌన్ దొర తెలుగు నిఘంటువు కూడా అక్కడే.

ద్రావిడ నిఘంటువులో తెలుగువాళ్లకు పని చెడేది వరస దగ్గర. పద్దులు తెలుగు అకారాది క్రమంలో ఉండవు. ఒక్కో పద్దులో తమిళంతో మొదలుపెట్టి మలయాళం, ఆ తర్వాత మిగతా దక్షిణాది భాషలు, అవి అయ్యాక తెలుగు, అటు తర్వాత గోండీ, కూయి, కురుఖ్ వగైరా వస్తాయి. పద్దు చోటు సాధారణంగా తమిళ రూపాన్ని బట్టి ఉంటుంది. గోండీ స తో మొదలయ్యే మాటను స లో వెతికితే దొరకదు, తమిళంలో హల్లు పోయింది కాబట్టి అచ్చుల్లో ఉంటుంది. తెలుగు డ కొన్నిచోట్ల తమిళ ழ కారం కింద ఉంటుంది, ఏడు అలాంటిదే. తేలిక దారి ఏమిటంటే, పుస్తకం చివర ఇంగ్లీషు అర్థాల సూచిక, మొక్కల శాస్త్రీయ నామాల సూచిక ఉన్నాయి. జింగిబెర్ అని మొక్కల సూచికలో చూస్తే ఇంజి పద్దుకు వెళ్లొచ్చు. సైటులో వెతికేటప్పుడు అక్షరాల మీది గీతలు, చుక్కలు లేకుండా కొట్టి ఏమీ రాకపోతే మాట లేదనుకోకండి. అర్థంతో వెతకండి.

విక్షనరీ మొదట చూడటానికి బాగుంటుంది, చివరి మాటగా కాదు. అందులో బాణం గుర్తుల వరస ఇస్తారు, ప్రతి బాణానికీ ఆధారం ఇవ్వరు. ఆ వరసను ఒక కాగితం మీద నిలువుగా రాసుకుని, ప్రతి రూపం పక్కన శతాబ్దం, రాత ఆధారం నింపండి. చుక్కగుర్తు ఉన్నచోట శతాబ్దం గడి ఖాళీగా వదిలేయండి. ఒక మెట్టు దగ్గర ధ్వని మార్పుకు ఆ భాషలోంచే ఇంకో రెండు మాటలు చూపించలేకపోతే, ఆ మెట్టు దగ్గర ప్రశ్నార్థకం పెట్టి ముందుకెళ్లండి.

ప్రశ్న – మాటలమూట

కాగితం మీద నిలువుగా రాయడం మొదలుపెట్టాను. తర్వాతి మాటగా బ్యాండికూట్ తీసుకుందామనుకుంటున్నా. అది పందికొక్కే అంటారు. దానికీ ఇన్ని మెట్లుంటాయా?

జవాబు – నిఘంటుప్రియ

ఉండవండీ, అది దగ్గరి ప్రయాణం. తెలుగు పందికొక్కు నుంచి ఇక్కడి ఇంగ్లీషువాళ్ల నోటికి ఒకటే మెట్టు. 1886లో వచ్చిన, ఇండియాలోని ఇంగ్లీషువాళ్లు వాడిన మాటల నిఘంటువు హాబ్సన్–జాబ్సన్ తెరవండి, తెలుగు మాట పేరుతో సహా ఉంటుంది. అక్కడ ఆలోచించవలసింది ధ్వనుల గురించి కన్నా అర్థం గురించి. ఆస్ట్రేలియాలో బ్యాండికూట్ అనేది ఎలుక జాతే కాదు, పొట్టకు సంచి ఉన్న జంతువు. చూడటానికి మన పందికొక్కులా అనిపించి ఇంగ్లీషువాళ్లు ఆ పేరు దానికి పెట్టారు. కాబట్టి మీ కాగితం మీద ఈసారి ఇంకో గడి గీయండి, ఆ మాట ఆ కాలంలో ఏ జంతువును సూచిస్తోందో రాయడానికి. 18వ శతాబ్దం చివరి ఉటంకింపుల నుంచి ఒక్కోటీ చదువుతూ, అది ఇండియా నుంచి రాసిందా, ఆస్ట్రేలియా నుంచి రాసిందా అన్నది ముందు విడదీయండి.